నేలలో జీవం పెరగాలంటే ముందు పైన ఏముందో చూడండి

మీ ప్రశ్న మొత్తం చదివాను. కదిరి వైపు ఐదెకరాల ఎర్రనేల, ఏటా వేరుశనగ. మూడేళ్లుగా జీవన ఎరువుల (మేలుచేసే సూక్ష్మజీవులుండే) ప్యాకెట్లు కొని పశువుల ఎరువులో కలిపి చల్లుతున్నారు. అయినా మట్టి గుప్పిట్లో పడితే ఇసుకలా జారిపోతోంది, వానపాము అన్నది కనపడదు. దాంతోపాటు ఇంకో మూడు అడిగారు. గట్టు మీద వేపచెట్టు వల్లే వేరుపురుగు వస్తోందని పక్క రైతు అంటున్నాడు, కొట్టేయాలా? వానపాములు కొనుక్కొచ్చి వదలాలా? గొర్రెల మంద పెట్టిస్తే లాభమా నష్టమా? ఇప్పటికే చాలామంది ఏ ప్యాకెట్‌లోని కల్చర్ (సూక్ష్మజీవుల రకం) మంచిదో చెప్పారు కాబట్టి నేను ఆ జోలికి పోను. మెట్ట నేలల మీద చాలా ఏళ్లు పనిచేసినవాడిగా నేను మిమ్మల్ని ముందు అడిగేది ఒకటే: మీ పొలంలో ఏడాదికి ఎన్ని నెలలు బతికున్న వేరు ఉంటోంది?

ఎందుకు అడుగుతున్నానంటే, నేల కింద ఉండే జీవుల్లో దాదాపు అన్నీ తమ తిండి తాము తయారుచేసుకోలేవు, పైనుంచి రావాల్సిందే. అది రెండు దారుల్లో వస్తుంది. ఒకటి రాలిన ఆకు, ఎండిన వేరు, పేడ, చచ్చిన పురుగూ పుట్రా. ఇది అందరికీ తెలిసిందే. రెండోది కంటికి కనపడదు కాబట్టి మనం లెక్కలోకి తీసుకోం. ఆకు ఎండలో తయారుచేసిన చక్కెరలో కొంత భాగం వేరులోంచి మట్టిలోకి కారుతూనే ఉంటుంది, చక్కెరలుగా, సేంద్రియ ఆమ్లాలుగా, అమైనో ఆమ్లాలుగా, వేరు కొసన ఉండే జిగురుగా. అందుకే వేరును ఆనుకున్న కొన్ని మిల్లీమీటర్ల మట్టిలో బ్యాక్టీరియా విడి మట్టిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. 1904లో లోరెంజ్ హిల్ట్‌నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ పొరకు రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. ఇక వేళ్లలోకి చొచ్చుకుపోయి బతికే మైకోరైజా శిలీంధ్రాలైతే మొక్క తయారుచేసుకున్న కార్బన్‌లో 4 నుంచి 20 శాతం దాకా తీసుకుంటాయని అంచనాలు. బదులుగా వేరు అందుకోలేని చోట్ల నుంచి భాస్వరం, జింకు లాగి తెచ్చి ఇస్తాయి. స్కాట్లాండ్‌లోని రైనీ అనే ఊరి దగ్గర దొరికిన సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లో కూడా ఈ శిలీంధ్రాలు కనిపించాయి. మొక్కలు నేల మీదకు వచ్చిన తొలి రోజుల నుంచీ ఉన్న సంబంధం ఇది.

ఇప్పుడు మీ పొలం సంగతి చూద్దాం. జూన్, జూలైలో విత్తుతారు, అక్టోబరు, నవంబరుకల్లా పీకేస్తారు. వేరుశనగలో ఉన్న చిక్కేమిటంటే కోత అంటే చెట్టును వేరుతో సహా పెరకడమే. జొన్న కోస్తే కనీసం మోడూ వేళ్లూ మట్టిలో మిగులుతాయి, ఇక్కడ అదీ లేదు. కట్టె పశువులకు పోతుంది, కాయ అమ్మకానికి పోతుంది, ఆ తర్వాత మళ్లీ జూన్ దాకా ఎండకు కాలుతున్న ఉత్త నేల. ఏడెనిమిది నెలలు కింద ఉన్నవాటికి ఏ తిండీ లేదు. అలాంటి నేలలో ప్యాకెట్ కలిపి చల్లడం వండని ఇంటికి చుట్టాలను పిలిచినట్టే. అందులో బ్యాక్టీరియా నిజంగా బతికి ఉన్నా సరే, వాటికి నిలబడే ఆధారం దొరకదు.

మైకోరైజా విషయంలో ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది, ఎందుకంటే ఆ శిలీంధ్రాలు బతికున్న వేరు లేకుండా పెరగలేవు, బీజాల రూపంలో కొంతకాలం వేచి ఉండటమే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వైపు రైతులు నీళ్లు దాచుకోవడానికి నేలను ఏడాదికి పైగా ఖాళీగా వదిలేవారు. తేమ దండిగా ఉన్నా ఆ తర్వాత వేసిన మొక్కజొన్న, పొద్దుతిరుగుడు లాంటి పంటలు గిడసబారిపోయి, భాస్వరం, జింకు లోపాలు చూపేవి. చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1980ల్లో తేలిందేమిటంటే, అన్ని నెలలు ఏ వేరూ లేకపోవడంతో మైకోరైజా బాగా తగ్గిపోయింది. పైన ఏమీ లేకపోవడం కింద ఉన్నదాన్ని మార్చింది, కింద జరిగిన మార్పు మళ్లీ పైన వచ్చే పంటను దెబ్బతీసింది. ఇలా ఒకదాని ప్రభావం ఇంకోదానిమీద పడి తిరిగి మొదటిదాని మీదకు రావడం ఎక్కడ చూసినా ఉంటుంది, మీరు అడిగిన మిగతా ప్రశ్నలన్నీ కూడా దీని చుట్టూనే తిరుగుతాయి.

పైన ఉన్న మొక్క ఏ జాతిదన్నది కూడా అంతే ముఖ్యం. దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లోనే జరిగింది. ఎర్రనేలల్లో భాస్వరం చాలావరకు ఇనుముతో బిగుసుకుపోయి ఉంటుంది, జొన్న, సోయా లాంటివి దాన్ని సరిగా తీసుకోలేవు. అక్కడ పనిచేసిన జపాన్ శాస్త్రవేత్తల బృందం 1990లో చూపించిందేమిటంటే, కంది వేళ్లు పిసిడిక్ ఆమ్లం లాంటివి వదిలి ఆ ఇనుమును పట్టుకుని, భాస్వరాన్ని విడిపించుకుంటాయి. కంది తీసుకున్న ఆ భాస్వరం రాలిన ఆకులోనూ, కుళ్లిన వేరులోనూ తిరిగి మట్టికి చేరితే తర్వాత వేసే పంటకు అందుబాటులోకి వస్తుంది. మన పెద్దలు జొన్నలో కంది, వేరుశనగలో కంది ఎందుకు వేశారో వాళ్లు రసాయన శాస్త్రంలో చెప్పలేదు గానీ, పంట చూసి తెలుసుకున్నారు. ఇంకొకటి, జొన్న పక్కన ఉన్న కందిలో ఎండు తెగులు తగ్గుతుందని కూడా ఇక్రిశాట్ ప్రయోగాల్లోనే తేలింది. ఆ తెగులు శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది, పైన కంది ఒక్కటే ఏటా నిలబడితే దానికి పండగే.

అసలు ఒకే పంట పదేపదే వేస్తే దిగుబడి పడిపోవడానికి సారం తగ్గడం ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. సగం కథ అది. ప్రతి మొక్కా తన వేళ్ల చుట్టూ తనకు సాయపడేవాటితోపాటు తనను తినేవాటిని కూడా పోగుచేసుకుంటుంది. అడవుల్లో కూడా ఇదే తంతు. అమెరికాలోని ఇండియానాలో బ్లాక్ చెర్రీ చెట్ల మీద చేసి 2000లో వెలువడిన అధ్యయనంలో, తల్లిచెట్టు కింది మట్టిలో పితియం అనే నారుకుళ్లు సూక్ష్మజీవి పోగుపడి అక్కడ మొలిచిన పిల్లమొక్కలను చంపేస్తోందని, దూరంగా పడిన గింజలు బతుకుతున్నాయని కనుక్కున్నారు. ఒక్క జాతే అడవంతా ఆక్రమించకుండా మట్టి అడ్డుపడుతోందన్నమాట. మనం పొలంలో చేసేది దానికి పూర్తిగా వ్యతిరేకం: తల్లిచెట్టు కిందే మళ్లీ గింజ వేస్తున్నాం, ఏటా.

జొన్న గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను, మీరు ఎప్పుడైనా జొన్నకు మారితే పనికొస్తుంది. జొన్న వేళ్లకు అంటుకుని పీల్చేసే స్ట్రైగా అనే కలుపు ఉంది. దాని విత్తనాలు దుమ్ములా సన్నగా ఉండి పదేళ్లకు పైగా మట్టిలో పడి ఉండగలవు, పక్కన సరైన వేరు వచ్చిందని తెలిస్తేనే మొలుస్తాయి. ఎలా తెలుస్తుంది? వేరు వదిలే స్ట్రైగోలాక్టోన్ అనే పదార్థం వాసన పట్టి. దాన్ని 1966లో పత్తి వేళ్ల నుంచి వేరుచేశారు, కానీ శత్రువును మేల్కొలిపే పదార్థాన్ని మొక్క ఎందుకు వదులుతుందో నలభై ఏళ్ల దాకా అర్థం కాలేదు. 2005లో జపాన్ శాస్త్రవేత్తలు అసలు సంగతి బయటపెట్టారు, అది మైకోరైజాను పిలిచే సంకేతం. భాస్వరం దొరకని వేరు సాయం కోసం పిలుస్తుంది, ఆ పిలుపును స్ట్రైగా దొంగచాటుగా వింటుంది. అందుకే నిస్సారమైన నేలల్లో ఆ కలుపు బెడద ఎక్కువ. మందు కొట్టి పీకి పారేసినా నేల బాగుపడకపోతే అది మళ్లీ వస్తూనే ఉంటుంది.

ఇక వేపచెట్టు. మీ పక్క రైతు చెప్పింది పూర్తిగా గాలి కబురు కాదు, ఆయన చూసింది నిజమే. వేరుపురుగు తల్లి ఒక పెంకుపురుగు. తొలకరి మంచి వాన పడగానే చీకటి పడే వేళకు మట్టిలోంచి గుంపులుగా లేచి వేప, రేగు, తుమ్మ లాంటి చెట్లమీదకు ఎగిరి ఆకు తిని, జతకట్టి, తెల్లారేలోపు మళ్లీ నేలలోకి దిగి గుడ్లు పెడుతుంది. గుడ్లలోంచి వచ్చిన తెల్లపురుగు నెలల తరబడి వేరుశనగ వేళ్లు కొరికేస్తుంది. మొక్కలు గుంపులు గుంపులుగా వాడి, పట్టి లాగితే ఊడొచ్చేది దీనివల్లే. అంటే చెట్టు ఆకూ మీ పంట వేరూ ఒకే పురుగు బతుకులో రెండు అంకాలు. కానీ దీన్నుంచి చెట్టు కొట్టేయాలన్న తీర్మానానికి రావడం తప్పు. మీ చెట్టు పోతే అది పక్క గట్టు మీది రేగు చెట్టుకు పోతుంది, గుడ్లు పెట్టేది మళ్లీ మీ చుట్టుపక్కలే. చెట్టు ఉంటేనే ఆ పురుగులన్నీ ఒకచోటికి వస్తాయి, మీకు దొరుకుతాయి. తొలి వానల తర్వాత వరసగా కొన్ని రాత్రులు కొమ్మలు దులిపి, కింద పడిన పెంకుపురుగులను ఏరి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయడం వ్యవసాయ శాఖ కూడా చెప్పే పద్ధతే. అయితే ఒక్కరు చేస్తే ఫలితం అంతంతమాత్రం, చుట్టుపక్కల చెట్లున్న రైతులందరూ అదే వారంలో చేయాలి. ఏడాదికి ఒక్క తరమే కాబట్టి ఆ కొద్ది రోజులు పట్టుకుంటే చాలా తేడా వస్తుంది. పచ్చిపేడ పొలంలో వేయకండి, బాగా మాగిన ఎరువే వేయండి, లేకపోతే ఆ పురుగును మనమే పిలిచినట్టవుతుంది.

చెట్టు ఉంచమనడానికి ఇంకో కారణం పిట్టలు. ఎర్ర గొంగళిపురుగు మీకు తెలిసే ఉంటుంది, అది కూడా వేసవంతా గట్ల పక్కన, చెట్ల నీడన మట్టిలో ప్యూపాగా (గూటి దశలో) పడుకుని మంచి వాన పడ్డాక రెక్కల పురుగుగా లేస్తుంది. వేసవి దుక్కిలో నాగలి వెనకే కొంగలు, గోరింకలు, పసులపోలిగాళ్లు వచ్చి ఏరుకు తినేది ఈ ప్యూపాలనూ వేరుపురుగులనూ. పసులపోలిగాడికి కూర్చోవడానికి కొమ్మ కావాలి. అది లేని పొలానికి రమ్మంటే ఎందుకొస్తుంది?

పురుగు కింద కొరికినప్పుడు మొక్క ఊరికే ఉంటుందని కూడా అనుకోకండి. స్విట్జర్లాండ్‌లోని నోషాటెల్ శాస్త్రవేత్తలు 2005లో చూపిన సంగతి ఇది. మొక్కజొన్న వేరును అక్కడి వేరుపురుగు (మీ పొలంలోది కాదు, వేరే జాతి) కొరికితే ఆ వేరు కారియోఫిలీన్ అనే వాసన వదులుతుంది, దాన్ని పట్టుకుని పురుగులను చంపే నులిపురుగులు మట్టిలోంచి అక్కడికి చేరతాయి. బాధ కలిగించే విషయం ఏమిటంటే, అమెరికాలో సాగుచేసే చాలా రకాలు ఈ గుణాన్ని పోగొట్టుకున్నాయి. కంకి చూసి, దిగుబడి చూసి ఎంపిక చేశారు, వేరు ఏం మాట్లాడుతోందో ఎవరూ చూడలేదు. విత్తనం ఎంపికలో మనం ఇప్పటికీ చేస్తున్నది ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

గొర్రెల మంద విషయానికొస్తే, పెట్టించండి, నిస్సందేహంగా. పెంటికలు, మూత్రం పొలంలోనే పడితే నత్రజని సూక్ష్మజీవుల చేతికి నేరుగా అందుతుంది. పశువు పైనుంచి మేయడం కూడా కింద ప్రభావం చూపుతుంది. అమెరికాలోని ఎల్లోస్టోన్ గడ్డి మీద చేసిన ప్రయోగాల్లో, గడ్డిని మేసినట్టు కత్తిరిస్తే వేళ్ల నుంచి కారే కార్బన్ పెరిగి, దాంతో సూక్ష్మజీవులు పెరిగి, అవి విడిపించిన నత్రజనిని ఆ గడ్డే మళ్లీ తీసుకుని చిగురు వేసింది. కానీ ఇది మితంగా మేసినప్పటి మాట. ఏడాది పొడుగునా నున్నగా మేపేస్తే ఆకూ లేదు, వేరుకు బలమూ లేదు, నేల గట్టిపడిపోతుంది. కాబట్టి మంద పెట్టించండి, కానీ పొలంలో ఉన్న కాస్త కప్పును కూడా ఊడ్చి మేపనివ్వకండి.

ఇందులో ఒక జాగ్రత్త చెప్పాలి, ఇది ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. మందకు ఐవర్‌మెక్టిన్ లాంటి నట్టల మందు ఈమధ్యే వేశారేమో కనుక్కోండి. ఆ మందు పేడలోకి వచ్చి, పేడపురుగుల పిల్లలను చంపుతుంది. పేడపురుగు లేకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. 1788లో ఆవులు అక్కడికి చేరాయి, కానీ అక్కడి పేడపురుగులు కంగారూల పొడి పెంటికలకు అలవాటు పడినవి, ఆవుపేడను ముట్టుకోలేదు. పేడ నెలల తరబడి బయళ్ల మీదే ఎండిపోయి, కింద గడ్డి చచ్చిపోయి, ఈగలు విపరీతంగా పెరిగాయి. చివరికి 1960ల నుంచి జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రవేత్త చొరవతో అక్కడి ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఆఫ్రికా నుంచి, ఇతర చోట్ల నుంచి పేడపురుగులను తెప్పించి వదలాల్సి వచ్చింది. మనకు ఆ పురుగులు ఉచితంగా ఉన్నాయి, మనమే పోగొట్టుకోకూడదు.

జంతువు ఒక్కటి మారితే నేల ఎంత దూరం మారుతుందో నమ్మశక్యం కాకపోతే అలాస్కా పక్కన ఉన్న అల్యూషన్ దీవులు చూడండి. బొచ్చు వ్యాపారం కోసం అక్కడ నక్కలను వదిలారు, అవి సముద్రపక్షులను తినేశాయి, పక్షుల రెట్ట రాక నేలలో భాస్వరం పడిపోయి, ఒత్తుగా ఉండే గడ్డి పోయి పొట్టి పొదలు, నాచు లాంటివి వచ్చాయి. నక్కలు లేని పక్క దీవుల్లో గడ్డి అలాగే ఉంది.

వానపాములు కొని వదలమని మాత్రం నేను చెప్పను. వర్మీకంపోస్టు తొట్లలో పెంచే రకాలు కుళ్లే పదార్థంలో, తేమలో బతికేవి. 550 మిల్లీమీటర్ల వర్షం పడే జిల్లాలో ఉత్త ఎర్రనేలలో వదిలితే ఎక్కువ కాలం బతకవు. వానపాము అంటే ప్రతిచోటా మంచిదే అన్నది కూడా నిజం కాదు. అమెరికా ఉత్తర భాగంలో మంచుయుగం తర్వాత వానపాములే లేని అడవులు పెరిగాయి. యూరప్ వలసదారులు తెచ్చిన మొక్కల మట్టితో, ఆ తర్వాత చేపల గాలానికి గుచ్చే ఎరగా అవి అక్కడికి చేరాయి. మిన్నెసోటా లాంటి చోట్ల అవి నేల మీది మందపాటి ఆకుల పొరను తినేశాయి, దాంతో ఆ పొరను నమ్ముకుని మొలిచే చిన్న మొక్కలూ మేపుల్ పిల్లమొక్కలూ బాగా తగ్గిపోయాయి. ఎక్కడి నేలకు అక్కడి జీవులే.

మరి మీ ఎర్రనేలలో వానపాము చేసే పని ఎవరు చేస్తారంటే, చాలావరకు చెదపురుగులు. ఇది వినగానే రైతులకు టెన్షన్ వస్తుంది, తెలుసు. కానీ పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో, గట్టిపడి నీళ్లు ఇంకని నేలల్లో చిన్న గుంతలు తీసి కాస్త ఎరువు, గడ్డీగాదం వేసే జాయ్ అనే పద్ధతి ఉంది, యాకూబా సవదోగో అనే రైతు దాన్ని మెరుగుపరిచి ప్రపంచానికి తెలిసేలా చేశాడు. ఆ చెత్త కోసం వచ్చిన చెదలు నేలలో సొరంగాలు చేయడంతోనే నీళ్లు ఇంకడం మొదలైంది. చెదలకు ఎండిన చెత్త దొరికినంతకాలం అవి ఎక్కువగా దానిమీదే ఉంటాయి. నేలమీద ఏమీ మిగల్చకుండా ఊడ్చేస్తే పచ్చి పంట మీదకు వస్తాయి.

ఇంతకీ ఏం చేయాలి. ఈసారి వేరుశనగలో ఏడు సాళ్లకు ఒక సాలు కంది వేయండి, మనకు పాత సిఫార్సే ఇది. వేరుశనగ పీకేశాక కూడా ఆ కంది డిసెంబరు, జనవరి దాకా నిలబడి ఆకు రాలుస్తుంది, వేరు బతికుంటుంది. కంది కోసేటప్పుడు వేళ్లతో పెరకకండి, కొడవలితో కోయండి. వచ్చే వేసవిలో, వానలకు ముందే నవధాన్యాలు కలిపి పొడి దుక్కిలో చల్లే పద్ధతిని ఒక్క ఎకరంలో చేసి చూడండి, ప్రకృతి వ్యవసాయాన్ని ప్రోత్సహించే ప్రభుత్వ సంస్థ రైతు సాధికార సంస్థ వాళ్లు మీ జిల్లాలో దీన్ని చేయిస్తున్నారు, దగ్గరలో చేసిన రైతు పొలం వెళ్లి కళ్లతో చూడండి. కొద్దిపాటి వేసవి జల్లుకే మొలిచి, అసలు పంటకు ముందు నేలకు వేరునూ కప్పునూ ఇస్తుంది. వేరుశనగ కట్టె పశువులకు తప్పదు, అది నేనెవరినీ మానుకోమనను, కానీ ఆ పశువుల ఎరువు తిరిగి అదే పొలానికి రావాలి. ఒక్క ఏడాదిలో భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం మారిపోతుందని ఆశపడకండి, మన ఎండల్లో అది చాలా నెమ్మది వ్యవహారం. ముందు మారేది వాన నీరు ఇంకే తీరు, దాన్ని గమనించండి.

ప్యాకెట్ల గురించి. విత్తిన ముప్పై, నలభై రోజులకు నాలుగైదు చోట్ల మొక్కలను జాగ్రత్తగా తవ్వి తీసి, వేరు బుడిపెలను గోరుతో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే అక్కడి రైజోబియం (గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా) పనిచేస్తోంది, మీ నేలలో ఉన్నదే సరిపోతోంది, దానికోసం మళ్లీ డబ్బు పెట్టక్కర్లేదు. కొత్తగా వేసినవి పాతవాటితో పోటీపడి గెలవడం అంత తేలిక కూడా కాదు. బుడిపెలు తక్కువగా ఉన్నా, లోపల తెల్లగా ఉన్నా, యూరియా ఎంత వేశారో ఒకసారి చూసుకోండి, ఎందుకంటే నత్రజని బయట దండిగా దొరికితే మొక్క బుడిపెలకు చక్కెర ఖర్చు చేయదు. భాస్వరానికీ ఇదే సూత్రం, భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ ఎరువు ఏటా దిమ్మరిస్తే మొక్క మైకోరైజాను దగ్గరకు రానివ్వడం తగ్గిస్తుంది. మీ భూసార పరీక్ష కాగితం ఉంటే భాస్వరం, సేంద్రియ కర్బనం అంకెలు ఇక్కడ రాయండి, డీఏపీ ఎంత తగ్గించవచ్చో వాటిని చూసి చెప్తాను.